చెరువు, తూము, అవకలన సమీకరణం: డిగ్రీలో అనువర్తిత గణితం

నిండు చెరువుకు తూము ఎత్తారు. నీటిమట్టం సగానికి దిగడానికి పది రోజులు పట్టింది. పైనుంచి వాన లేదు, కొత్త నీరు రాలేదు. మిగతా సగం దిగడానికి ఎన్ని రోజులు పడుతుంది?

డిగ్రీ మొదటి ఏడాది దాటిన గణితం విద్యార్థిని ఈ ప్రశ్న అడిగితే మంచి జవాబే వస్తుంది. మట్టం తగ్గేకొద్దీ తూము దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. నీరు బయటికి దూకే వేగం లోతు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. పదిహేడో శతాబ్దంలో ఇటలీలో టారిచెల్లి చెప్పిన సూత్రం ఇదే. అవకలన సమీకరణం రాసి సమాకలనం చేస్తే, పైసగానికి మొత్తం కాలంలో 29 శాతం, కిందిసగానికి 71 శాతం పడుతుందని తేలుతుంది. పైసగానికి పది రోజులైతే కిందిసగానికి 24 రోజులు.

లెక్కలో తప్పు లేదు. కానీ అది నిటారు గోడలున్న సిమెంటు తొట్టి లెక్క. మన చెరువు తొట్టిలా ఉండదు. కట్ట దగ్గర లోతుగా ఉండి, వెనక్కి పోయేకొద్దీ పలచబడి, శిఖం భూముల్లో కలిసిపోతుంది. మట్టం దిగేకొద్దీ నీటి విస్తీర్ణం కూడా తగ్గుతుంది. విస్తీర్ణం లోతుకు అనుపాతంలో ఉందనుకుంటే పైసగానికే 65 శాతం కాలం పోతుంది. అప్పుడు మిగతా సగం ఐదున్నర రోజుల్లో దిగిపోతుంది. విస్తీర్ణం లోతు వర్గానికి అనుపాతంలో ఉందనుకుంటే రెండు రోజులు చాలు. భౌతిక సూత్రం మారలేదు, సమాకలనం కష్టం కాలేదు. చెరువు ఆకారం గురించి ఏం అనుకున్నామన్నదే 24 రోజుల్ని రెండు రోజులు చేసింది. ఏళ్ల తరబడి చెరువు నీళ్లు పంచుతూ కట్ట మీద తిరిగిన నీరటికాడికి ఈ సంగతి లెక్క లేకుండానే తెలుసు. అడుగున నీళ్లు ఎంత త్వరగా మాయమవుతాయో ఆయన కళ్లారా చూశాడు.

అనువర్తిత గణితం, విద్యార్థుల మాటలో అప్లైడ్ మ్యాథ్స్, అంటే నా దృష్టిలో ఇదే. కట్ట మీది ప్రశ్నను సమీకరణంలోకి తేవాలి, సాధించాలి, వచ్చిన జవాబును మళ్లీ కట్ట దగ్గరికి తీసుకెళ్లి నీరటికాడి మాటతో పోల్చాలి. సరిపడకపోతే ఎక్కడ తప్పుగా అనుకున్నామో వెతకాలి. మన డిగ్రీ చదువు ఈ పనిలో మధ్యభాగం ఒక్కటే నేర్పుతోంది. సమీకరణం ప్రశ్నపత్రంలో ముందే రాసి ఉంటుంది, జవాబు జవాబుపత్రంతోనే ఆగిపోతుంది. ఈ కోర్సుల గురించి చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నా, అన్నిటికీ మూలం ఈ లోటేనని నా నమ్మకం.

తెలుగులో గణితం ఎప్పుడూ ఇలాగే ఉండేదని అనుకోనక్కర్లేదు. పదకొండో శతాబ్దపు పావులూరి మల్లన తెలుగు చేసిన గణిత గ్రంథానికి మూలం తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణిత సార సంగ్రహం. ఆ మూలంలో బంగారం వన్నె కలపడం, వడ్డీ, తవ్విన గుంట ఘనపరిమాణం, నీడను బట్టి పొడవు వంటి వ్యవహారాలకు ప్రత్యేక అధ్యాయాలో విభాగాలో ఉన్నాయి. లెక్క లోకం నుంచి పుట్టి లోకానికే తిరిగి వెళ్లేది.

విశ్వవిద్యాలయాలు వచ్చాక కొలమానం మారింది. ఆంగ్లేయుల కాలంలో మన పాఠ్యప్రణాళికల మీద కేంబ్రిడ్జి ట్రైపాస్ పరీక్ష నీడ దట్టంగా పడింది. అక్కడ అప్లైడ్ అంటే యాంత్రికశాస్త్రం: స్థితిశాస్త్రం, గతిశాస్త్రం, ద్రవస్థితిశాస్త్రం. గోడకు ఆనించిన నిచ్చెన, కప్పీ మీది తాడు, వాలు మీద దొర్లే గోళం. ఆ లెక్కలు ఒకప్పుడు న్యూటన్ గతిశాస్త్రంతో నిజంగా తలపడినవారు తయారుచేసినవే. తరాలు గడిచేసరికి నిచ్చెన మిగిలింది, తలపడడం పోయింది. రెండో ప్రపంచయుద్ధ కాలం నుంచి గణాంకశాస్త్రం, ఆపరేషన్స్ రీసెర్చ్, సంఖ్యాత్మక విశ్లేషణ ఈ శాస్త్రం హద్దుల్ని పూర్తిగా మార్చేశాయి. జార్జ్ డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతి 1947లో వచ్చింది. మన దగ్గర ఇవన్నీ సిలబస్‌లోకి వచ్చాయి, అయితే పాత పేపర్ల పక్కన ఒక్కో కొత్త పేపరుగా వచ్చాయి. పాఠం చెప్పే తీరు మాత్రం మారలేదు.

ఇప్పటి బీఎస్సీ గణితం తీసుకుంటే, సెమిస్టర్ల వరుస ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కోలా ఉన్నా సరుకు దాదాపు ఒకటే. అవకలన సమీకరణాలు, ఘన జ్యామితి, సమూహాలూ వలయాలూ ఉండే అమూర్త బీజగణితం, రియల్ ఎనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, సదిశా కలనం, చివర్లో న్యూమరికల్ ఎనాలిసిస్. ఆంధ్రప్రదేశ్ 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి, నాలుగేళ్ల ఆనర్స్ తెచ్చింది. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ద్వారా ఎంపీసీ, ఎంపీసీఎస్, ఎంఎస్‌సీఎస్ వంటి కాంబినేషన్లు ఎంచుకునే అలవాటు పాతుకుపోయింది. ఈ రెండింట్లో అనువర్తిత గణితానికి ఏది అనువు అని అడిగితే నేను గణితం, గణాంకం, కంప్యూటర్లు కలిసున్న పాత జోడింపు వైపే మొగ్గుతాను. ఒక విషయాన్ని లోతుగా చదవడం మంచిదే. కానీ అప్లైడ్ మ్యాథ్స్‌కు పక్కన ఇంకో శాస్త్రం ఉండి తీరాలి. భౌతికమో, ఆర్థికమో, జీవశాస్త్రమో, ఏదో ఒకదాన్నుంచి ప్రశ్నలు రాకపోతే గణితం దేనికి అనువర్తించాలి?

అవకలన సమీకరణాల పేపరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అనువర్తిత గణితానికి గుమ్మం అదే. నేను డిగ్రీ చదివినప్పుడు ఆ పేపరులో సమీకరణాల రకాలు గుర్తుపట్టడం నేర్చుకున్నాను. చలరాశులు వేరుచేయదగినదా, సజాతీయమా, యథాతథమా, బెర్నూలీ రకమా. రకం తెలిస్తే పద్ధతి తెలుస్తుంది, పద్ధతి తెలిస్తే పది మార్కులు. లంబ సంఛేద రేఖలు డజన్ల కొద్దీ గీశాను. అవి నిజంగా ఎక్కడుంటాయో, సమోష్ణ రేఖలకూ వేడి ప్రవహించే దిశకూ ఉన్న సంబంధం అదేనని, ఎమ్మెస్సీలో చేరేదాకా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పక్క గదిలో భౌతికశాస్త్రం అధ్యాపకుడు అదే వారం ఉష్ణవహనం చెబుతున్నాడు. రెండు గదుల మధ్య ఒక్క గోడే అడ్డం.

తప్పంతా డిగ్రీ కాలేజీల మీద వేయడం అన్యాయం. పిల్లలు అక్కడికి రాకముందే రెండేళ్లు ఇంకో రకంగా తయారై వస్తారు. ఎంసెట్‌లో, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న పరీక్షలో, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అందులో 80 గణితమే. ఒక ప్రశ్నకు నిమిషం పైన కొద్ది క్షణాలు. ఆ నిమిషంలో ఆలోచించేవాడు వెనకబడతాడు, గుర్తుపట్టేవాడు ముందుకు పోతాడు. బిట్లలో ఆరితేరిన తెలివైన పిల్లలు, చెరువు ఆకారం ఇవ్వకుండా ప్రశ్న అడిగితే 'డేటా సరిపోలేదు సార్' అంటారు. ఆ మాట నిజమే. సరిపోని డేటా ఏమిటో తేల్చుకుని వెళ్లి తెచ్చుకోవడమే అసలు పని అన్న మాటే వాళ్లకు కొత్త.

ఈ పని ఎలా ఉంటుందో చూడాలంటే సి.ఆర్. రావు జీవితం కన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు. 1920లో నాటి బళ్లారి జిల్లా హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేశారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, 1941లో మహలనోబిస్ నడిపే భారతీయ గణాంక సంస్థలో చేరారు. ఆయన పేరు ప్రపంచమంతా నిలిపిన క్రేమర్-రావ్ అసమానత 1945 నాటిది. ఎంత తెలివిగా అంచనా వేసినా, ఉన్న సమాచారంతో ఒక హద్దు దాటి కచ్చితత్వం సాధించలేమని, ఆ హద్దు ఎంతో చెప్పే సూత్రం అది. పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నే దానికి పురికొల్పిందని ఆయనే చెప్పారు. ఆ వెంటనే ఆయన చేసిన పని అంత ప్రసిద్ధం కాదు, నాకు మాత్రం ఎంతో ఇష్టం. కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పురాతన మానవ అస్థిపంజరాల కొలతల మీద రోజుల తరబడి కూర్చున్నారు. ఆ మనుషులు ఏ జనసమూహాలకు దగ్గరివారో కొలతలను బట్టి తేల్చాలి. ఎముకలు పాతవి, విరిగినవి, కొన్ని కొలతలు దొరకనే దొరకవు. బహుచలరాశుల గణాంకంలో ఆయన పద్ధతులు అలాంటి పనుల్లో పదును తేలాయి. 1948లో గణాంకశాస్త్రవేత్త ఫిషర్ పర్యవేక్షణలో డాక్టరేట్ వచ్చింది. గణాంకంలో అంతర్జాతీయ బహుమతి 2023లో, నూరేళ్లు దాటాక అందింది. ఆ ఏడాదే కన్నుమూశారు. ఆయన మొదట చదివింది శుద్ధ గణితం. చేతికి మట్టి అంటించుకోవడానికి అది అడ్డం రాలేదు, సాయమే చేసింది.

శుద్ధమా అనువర్తితమా అనే వాదన మన స్టాఫ్ రూముల్లో తరచు వినిపిస్తుంది. అప్లైడ్ చదివేవాడికి రియల్ ఎనాలిసిస్ ఎందుకు, నిరూపణలు ఎందుకు అని కొందరు. అనువర్తనాలు చెబితే గణితం చౌకబారుతుందని కొందరు. రెండూ నాకు రుచించవు. మళ్లీ సిమెంటు తొట్టి దగ్గరికే వెళ్దాం. ఒక సాయంత్రం వెళ్లి చూస్తే తొట్టి ఖాళీగా ఉంది. అది ఎప్పుడు ఖాళీ అయిందో చెప్పగలమా? చెప్పలేం. ఉదయమే ఖాళీ అయి ఉండొచ్చు, నిన్ననే అయి ఉండొచ్చు. పాఠ్యపుస్తకంలో ప్రారంభ విలువ ఇస్తే సాధన ఒక్కటే ఉంటుందని పికార్డ్ సిద్ధాంతం చదువుతాం, దానికి లిప్షిట్జ్ నియమం తీరాలని కూడా చదువుతాం. ఆ నియమం ఎందుకో ఎవరూ పట్టించుకోరు. వర్గమూలం సున్నా దగ్గర లిప్షిట్జ్ నియమాన్ని తప్పుతుంది. అందుకే ఖాళీ తొట్టి నుంచి వెనక్కి వెళ్తే ఒక దారి కాదు, లెక్కలేనన్ని దారులు. గతం చెరిగిపోయింది. సిద్ధాంతంలోని ఆ చిన్న షరతు ఈ తొట్టి కథే చెబుతోంది. నిరూపణ తెలిసినవాడికి లెక్క ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది. తెలియనివాడు కంప్యూటర్ ఇచ్చిన అంకెను నమ్మి కూర్చుంటాడు.

ఆంధ్రా విశ్వవిద్యాలయంలోనే దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. అక్కడ చాలా ఏళ్లు పాఠం చెప్పిన ఎస్. మీనాక్షిసుందరం, స్వీడన్‌కు చెందిన ప్లేయెల్‌తో కలిసి 1949లో ప్రచురించిన పరిశోధన, ఒక ఉపరితలం మీద వేడి ఎలా వ్యాపిస్తుందన్న దాన్నిబట్టి ఆ ఉపరితలం జ్యామితిని చదివే దారి చూపింది. ఫూరియే 1822లో వేడి మీద రాసిన పుస్తకం నుంచి వచ్చిన ప్రశ్న అత్యంత శుద్ధమైన గణితంగా మారింది. అది వాల్తేరు కొండ మీది తరగతి గదుల దాకా వచ్చిందని మన డిగ్రీ విద్యార్థుల్లో ఎందరికి తెలుసు?

కంప్యూటర్ సంగతికి వస్తే, ఇక్కడ మార్పు అత్యవసరం, ఖర్చు కూడా తక్కువ. న్యూమరికల్ ఎనాలిసిస్ పేపరులో రుంగే-కుట్టా పద్ధతిని కాలిక్యులేటర్‌తో రెండు అడుగులు వేయించి వదిలేస్తాం. సింప్లెక్స్ పట్టికలు మూడు చలరాశులకు చేత్తో నింపిస్తాం. చేత్తో ఒకసారి చేయాల్సిందే, కాదనను. కానీ అడుగు పరిమాణం సగం చేస్తే దోషం ఎంత తగ్గుతుందో విద్యార్థి తన కళ్లతో చూడాలంటే వెయ్యి అడుగులు వేయాలి, అది యంత్రం పని. పైథాన్, ఆర్, సైలాబ్ అన్నీ ఉచితం. కాలేజీ ల్యాబ్‌లోని పాత కంప్యూటర్లకు ఈ లెక్కలు బరువు కావు. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు పైసా లేకుండా దొరుకుతాయి. కొరత సామగ్రిది కాదు. ప్రాక్టికల్స్ అంటే భౌతిక, రసాయన శాస్త్రాలవే అనే పాత అలవాటుది.

ఇప్పుడు డేటా సైన్స్ పేరుతో వస్తున్న డిగ్రీల గురించి ఒక మాట. పేరు చూసి చేరకండి. పాఠ్యప్రణాళిక తెరిచి లీనియర్ ఆల్జీబ్రా ఎన్ని సెమిస్టర్లుందో, సంభావ్యత ఏ స్థాయిదో చూడండి. కృత్రిమ మేధ అంటున్న యంత్రాల లోపల జరిగేది ఎక్కువగా భారీ మాత్రికల గుణకారం, ఒక ప్రమేయం కనిష్ఠ విలువ వైపు వాలు చూసుకుంటూ దిగడం. పాక్షిక అవకలజాలూ ఐగెన్ విలువలూ రానివాడికి ఆ లోకంలో బటన్లు నొక్కే పనే దొరుకుతుంది, ఆ బటన్లు రెండేళ్లకోసారి మారిపోతాయి.

ఎక్కడ చదవొచ్చు? ఇంటర్ తర్వాత దారులు పదేళ్ల కిందటి కన్నా బాగా పెరిగాయి. ఐఐటీల్లో, హైదరాబాద్ ఐఐటీతో సహా చాలాచోట్ల, మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ పేరుతో బీటెక్ ఉంది. బెంగళూరు ఐఐఎస్సీ 2022లో ఇదే పేరుతో కోర్సు ప్రారంభించింది. వీటికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. భారతీయ గణాంక సంస్థ కోల్‌కతాలో బీస్టాట్, బెంగళూరులో బీమ్యాథ్ నడుపుతుంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ కూడా బీఎస్సీ ఇస్తుంది. ఈ రెండింటికీ సొంత ప్రవేశపరీక్షలున్నాయి. ఆ ప్రశ్నలు వేగాన్ని కాదు, ఆలోచనను అడుగుతాయి. మన కార్పొరేట్ కాలేజీల మూసలో పెరిగిన పిల్లలు అక్కడ తడబడితే ఆశ్చర్యం లేదు, ముందే తెలుసుకుని ఏడాది పాటు వేరుగా సిద్ధపడాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రాల్లో ఐదేళ్ల సమీకృత ఎమ్మెస్సీ ఉంది. ఇవేవీ దక్కనివారు నిరాశపడనక్కర్లేదు. మామూలు బీఎస్సీ చేసి, జామ్ ప్రవేశపరీక్ష రాసి ఐఐటీల్లోనో, వరంగల్ ఎన్‌ఐటీలో అప్లైడ్ మ్యాథమెటిక్స్ ఎమ్మెస్సీలోనో చేరవచ్చు. ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాల్లోనూ అనువర్తిత గణితంలో ఎమ్మెస్సీ చాలాకాలంగా ఉంది. పల్లె నుంచి ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి బస్సులో వచ్చి చదివే అమ్మాయికి ఈ దారే అన్నిటికన్నా నమ్మకమైనది. దాన్ని బాగుచేయడమే మనం చేయాల్సిన మొదటి పని అని నా అభిప్రాయం.

ఉద్యోగాల మాట తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. బీఈడీ చేసి డీఎస్సీ రాయడం ఒక దారి, గౌరవమైన దారి. బీమా సంస్థల్లో యాక్చువరీలు, బ్యాంకుల్లో రిస్క్ లెక్కలు, సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. తక్కువమందికి తెలిసినవి మన ఊళ్లోనే ఉన్న సంస్థలు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సునామీ తరంగం వేగం లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది, ఇంటర్ పిల్లవాడు చేయగల లెక్క. నాలుగు వేల మీటర్ల లోతున గంటకు 700 కిలోమీటర్లు, పది మీటర్ల లోతున 36 కిలోమీటర్లు. వేగం తగ్గేకొద్దీ అల ఎత్తు పెరుగుతుంది. కానీ సముద్రగర్భం, తీరం ఆకారం కలుపుకుంటే అది కాగితం మీద తేలే సమీకరణం కాదు. భూకంపం వచ్చాక తీరిగ్గా సాధించే సమయమూ ఉండదు. అందుకే అనేక సంభావ్య భూకంపాలకు ముందే లెక్కలు నడిపి భద్రపరిచి, నిజంగా వచ్చినప్పుడు దగ్గరిదాన్ని తీస్తారు. కచ్చితత్వానికీ కాలానికీ మధ్య ఇలాంటి బేరం తేల్చడం ఏ పేపరులోనూ లేదు. తీరంలో మనుషులు బతకడం మాత్రం దాని మీద ఆధారపడి ఉంది.

భాష సంగతి వదిలేయలేను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ గణితాన్ని తెలుగులో రాయించింది. అవధి, అవిచ్ఛిన్నత, మాత్రిక, సంభావ్యత అనే మాటలు మనకు అలా స్థిరపడ్డాయి. 2021-22లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువుల్ని పూర్తిగా ఇంగ్లిషు మీడియానికి మార్చింది. పరిశోధనకూ ఉద్యోగానికీ ఇంగ్లిషు కావాలి, ఒప్పుకుంటాను. అయితే ప్రశ్నను సమీకరణంగా మార్చే మెట్టు మాత్రం విద్యార్థికి బాగా వచ్చిన భాషలోనే ఎక్కాలి. తూము, అలుగు, మత్తడి, పూడిక, శిఖం అనే మాటల్లో ఆలోచించగలిగినవాడికి చెరువు తొట్టి కాదని వెంటనే తడుతుంది. తరగతిలో ఆ చర్చ తెలుగులో జరిగి, రాత ఇంగ్లిషులో జరిగితే ఎవరికీ నష్టం లేదు.

కొత్తగా పేపర్లు పెట్టమని నేను అడగడం లేదు. డిగ్రీ రెండో ఏడాదిలో ఒక్క సెమిస్టరు, నలుగురేసి విద్యార్థులకు ఒక చెరువు ఇచ్చి చూడండి. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కిందే 46 వేలకు పైగా చెరువుల్ని బాగుచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. రాయలసీమలో, కోస్తాలో ఉన్నవి వేరు. పూడిక తీస్తే చెరువు ఆకారం మారుతుంది, ఆకారం మారితే మొదటి ప్రశ్నకు జవాబు మారుతుంది. తూము దగ్గర గీతలు గీసిన కర్ర పాతాలి. రోజూ ఒకే వేళకు మట్టం రాసుకోవాలి. ఎండకు ఆవిరయ్యేది ఎంతో తెలియడానికి పక్కన వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి కొలవాలి. మత్తడి దూకే రోజుల్లో దాని మీది నీటి ఎత్తు రాసుకోవాలి, ఎత్తు రెట్టింపైతే ప్రవాహం రెండు కాదు, దాదాపు 2.8 రెట్లవుతుంది. నెలాఖరుకు కాగితం మీది వక్రరేఖ, కర్ర మీది గీతలు కలవవు. ఎందుకు కలవలేదో నీరటికాణ్ణి అడగడానికి ఆ నలుగురూ కట్ట మీదికి వెళ్తారు.